పాత పైపులకు పునరుద్ధరణ – కేంద్ర నిధుల సాధనలో నగరపాలక సంస్థల బాధ్యత

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదు నగరాన్ని అతలాకుతలం చేసిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు చేపట్టిన ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. నగరంలో భూగర్భ మురుగునీటి వ్యవస్థకు పునాది పడింది కూడా నిజాం హయాంలోనే. నాటి జనాభాకు తగినట్లు రూపొందించిన ఏర్పాట్లపై తదుపరి దశాబ్దాలలో అనేక రెట్లు భారం పెరిగింది. ఇతర నగరాలలోను, పట్టణాలలోను పరిస్థితి ఇందుకు భిన్నం కాదు.

భూమిలోని పైపు కంటికి కనిపించదు. కానీ అది శిథిలమైతే ఫలితం ప్రాణాల మీదకు వస్తుంది. కొళాయి నీరు రోజుకు కొద్ది గంటలే సరఫరా అయ్యే చోట, మిగిలిన సమయంలో పైపులో ఒత్తిడి పడిపోతుంది. పక్కనే మురుగు కాలువ ఉంటే, పగుళ్ల ద్వారా, అతుకుల ద్వారా మురుగునీరు లోనికి చేరుతుంది. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లోను, 2018 మార్చిలో గుంటూరులోను కలుషిత నీటి వలన అతిసారం ప్రబలి పలువురు మృతి చెందడం విషాదకరం. కావున పాత పైపుల మార్పిడి నగర సౌందర్యానికి సంబంధించిన అంశం కాదు. ప్రజారోగ్య రక్షణకు సంబంధించినది.

రాజ్యాంగ నేపథ్యం

1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన 12వ షెడ్యూలులో తాగునీరు, పారిశుద్ధ్యం సహా 18 అంశాలను పురపాలక సంఘాలకు అప్పగించదగినవిగా పేర్కొన్నారు. అయితే బాధ్యతలకు తగిన రాబడి వాటికి సమకూరలేదు. ఆస్తి పన్ను, నీటి చార్జీలతో వచ్చే సొమ్ము జీతభత్యాలకు, దైనందిన నిర్వహణకే సరిపోతున్నప్పుడు కోట్లాది రూపాయల పునర్నిర్మాణ పనులకు కేంద్రం వైపు చూడక తప్పదు.

వాటాధనమే కీలకం

2005 డిసెంబరు 3న ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం ఈ దిశగా పెద్ద మలుపు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుండి హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, తరువాత తిరుపతి నగరాలకు ఇందులో స్థానం లభించింది. మూసీకి దక్షిణాన ఉన్న పాతబస్తీలో మురుగునీటి వ్యవస్థను పటిష్టపరిచే పనులు ఈ పథకం కిందనే మంజూరయ్యాయి.

ప్రతి 100 రూపాయల వ్యయంలో హైదరాబాదుకు కేంద్ర వాటా 35, రాష్ట్ర వాటా 15 రూపాయలు. మిగిలిన 50 రూపాయలు స్థానికంగా సమకూర్చుకోవాలి. విజయవాడ, విశాఖపట్నాలకు ఈ నిష్పత్తి వరుసగా 50, 20, 30. తిరుపతికి 80, 10, 10. అనగా పెద్ద నగరానికి కేంద్ర సాయం తక్కువ, స్వీయ భారం ఎక్కువ.

నిధుల కొరకు నగరాభివృద్ధి ప్రణాళిక, సమగ్ర పథక నివేదిక సమర్పించి, సంస్కరణల ఒప్పందంపై సంతకం చేయవలసి ఉండేది. తొలి విడతగా 25 శాతం విడుదలయ్యేది. విడుదలైన నిధులలో 70 శాతం వ్యయానికి వినియోగ ధ్రువపత్రం పంపితేనే తదుపరి విడతకు అర్హత. స్థానిక వాటా సకాలంలో జమ కాకుంటే పని మందగిస్తుంది. పని మందగిస్తే ధ్రువపత్రం వెళ్లదు. అది వెళ్లకుంటే తదుపరి విడత రాదు.

తదుపరి పథకాలు

2015 జూన్ 25న 500 నగరాలలో ప్రారంభమైన అమృత్ పథకంలో 10 లక్షల లోపు జనాభా గల పట్టణాలకు సగం, అంతకు మించిన నగరాలకు మూడో వంతు కేంద్ర సాయం లభించింది. 2021 అక్టోబరు 1న ప్రారంభించిన అమృత్ 2.0లో ఈ వాటా లక్ష లోపు జనాభా గల పట్టణాలకు 50 శాతం, లక్ష నుండి 10 లక్షల వరకు మూడో వంతు, ఆపైన 25 శాతం. లీకేజీలు తదితర కారణాల వలన లెక్కకు రాకుండా పోతున్న నీటిని 20 శాతం లోపునకు తగ్గించడం ఇందులోని సంస్కరణలలో ఒకటి.

2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. లెక్కలను ఆన్‌లైన్‌లో ఉంచడం, ఆస్తి పన్ను కనీస రేట్లను ప్రకటించడం అర్హతకు షరతులు. 2025 ఫిబ్రవరి బడ్జెట్టులో ప్రకటించిన లక్ష కోట్ల రూపాయల పట్టణ సవాలు నిధి మరో అడుగు ముందుకు వేసింది. కేంద్రం వ్యయంలో 25 శాతం వరకు భరిస్తుంది. కనీసం 50 శాతాన్ని బాండ్లు, బ్యాంకు రుణాలు, ప్రైవేటు భాగస్వామ్యం ద్వారా సమీకరించాలి. 2018లో హైదరాబాదు, విశాఖ నగరపాలక సంస్థలు బాండ్లు జారీ చేసి ఈ బాటలో అనుభవం గడించాయి.

ప్రజల పాత్ర

కేంద్ర సాయం ప్రధానంగా నిర్మాణ వ్యయానికే. పైపు వేసిన తరువాత ఏళ్ల తరబడి దానిని కాపాడవలసినది స్థానిక సంస్థే. సక్రమంగా వసూలైన పన్నే నగరపాలక సంస్థ వాటాధనం; అదే రేపటి మరమ్మతు నిధి. ఏ వీధిలో ఏ పైపు ఎప్పుడు వేశారో తెలిపే పటాలు, దస్త్రాలు సిద్ధంగా ఉంచుకున్న సంస్థ నివేదికను త్వరగా సమర్పించగలదు. కొళాయిలో రంగు మారిన నీరు, దుర్వాసన గమనించిన వెంటనే పౌరులు పురపాలక సిబ్బందికి తెలియజేసి, ఆ నీటిని తాగడం మానివేయాలి. ఢిల్లీ నుండి నిధులు వచ్చే లోపుగా ప్రాణాలను కాపాడేది ఈ అప్రమత్తతే.