అప్‌గ్రేడ్ ఎక్కడ ఆగింది?

సాయంత్రం విండోస్ 11 అప్‌గ్రేడ్ మొదలుపెట్టి పడుకున్నారు. పొద్దున చూస్తే తెర మీద పాత విండోస్ 10 ఎప్పటిలాగే ఉంది. దాని మీద చిన్న పెట్టెలో ఒక సందేశం: ఇన్‌స్టాల్ చేయడం కుదరలేదు, మీ కంప్యూటర్‌ను ముందున్న స్థితికే తెచ్చి పెట్టాం అని. కింద ఏవో అంకెలు, అక్షరాలు. చాలామంది ఆ పెట్టె మూసేసి మళ్లీ అప్‌గ్రేడ్ బటనే నొక్కుతారు. మళ్లీ అదే జరుగుతుంది. ఎందుకంటే పనికొచ్చే సమాచారమంతా మూసేసిన ఆ పెట్టెలోనే ఉంది. ఈసారి మూసేముందు ఫోన్‌తో దానికో ఫొటో తీసుకోండి.

ముందుగా ఒక భయం తీరాలి. అప్‌గ్రేడ్ విఫలమై పాత విండోస్ తిరిగి రావడం కంప్యూటర్ చెడిపోవడం కాదు. సామాను బండికెక్కించాక కొత్త ఇంటి తాళం రాలేదని, అన్నీ మళ్లీ పాత ఇంట్లోనే దించి సర్దిపెట్టినట్టు. కొత్తది నిలబడదని తేలగానే పాతదాన్ని తిరిగి నిలబెట్టే ఏర్పాటు అందులోనే ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి అప్‌గ్రేడ్ అవసరమే. అయినా ఆ తేదీతో కంప్యూటర్ ఆగిపోలేదు. మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగాయి. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా, అవి అందే ఏర్పాటూ చేశారు. కంగారుగా నొక్కాల్సిన పనిలేదు.

మొదట తేల్చుకోవాల్సింది: మీ కంప్యూటర్‌కు అసలు అర్హతే లేదా, లేక అర్హత ఉండి మధ్యలో ఆగిందా? విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ చేయగల యూఈఎఫ్‌ఐ కావాలి. ప్రాసెసర్ ఇంటెల్‌లో అయితే దాదాపు 8వ తరం నుంచి పైది అయి ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ ఈ లెక్క చూసి చెబుతుంది. టీపీఎం లేదని చెబితే వెంటనే ఆశ వదులుకోకండి. చిప్ ఉండీ బయోస్ సెట్టింగుల్లో ఆఫ్ చేసి ఉండటం మామూలే. ఇంటెల్ కంప్యూటర్లలో పీటీటీ, ఏఎండీ కంప్యూటర్లలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో అది కనిపిస్తుంది. ప్రాసెసరే పాతదైతే మాత్రం సరిచేసేదేమీ ఉండదు. అడ్డదారిన ఎక్కించినా అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది.

అర్హత ఉండీ ఆగితే, ఎందుకన్న దానికంటే ముందు ఎక్కడన్నది చూడాలి. అప్‌గ్రేడ్ నాలుగు దశల్లో నడుస్తుంది. మొదటి దశ పాత విండోస్‌లోనే జరుగుతుంది: ఫైళ్లు దిగుతాయి, తనిఖీలు అవుతాయి. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక రెండో దశ. పాతదీ కొత్తదీ కాని ఒక చిన్న తాత్కాలిక విండోస్ లేచి, కొత్త ఫైళ్లను డిస్కు మీద పరుస్తుంది. మూడో దశలో కొత్త విండోస్ మొదటిసారి లేచి డ్రైవర్లను కలుపుకుంటుంది. నాలుగో దశలో మీ సెట్టింగులు, యూజర్ ఖాతాలు అందులోకి చేరతాయి.

ఇప్పుడు ఫొటో తెరవండి. ఉదాహరణకు అందులో ‘0ఎక్స్‌సీ1900101 - 0ఎక్స్20017’ అని ఉందనుకుందాం. ముందుండే ‘0ఎక్స్’ అన్నిటికీ ఉండేదే, వదిలేయండి. గీతకు కుడివైపు ఉన్న 20017లో మొదటి అంకె 2. అంటే రెండో దశలో ఆగింది. అదే 4000డీ అయితే నాలుగో దశలో. ఎడమవైపు భాగం కారణం ఏ జాతిదో చెబుతుంది. సీ1900101 అంటే చాలావరకు డ్రైవర్ గొడవ. 80070070 అంటే డిస్కులో చోటు చాల్లేదు. సీ1900208 అంటే పొసగని ప్రోగ్రామ్ ఏదో అడ్డుపడుతోంది. 80073712 అంటే అప్‌డేట్‌కు కావాల్సిన ఫైలు పాడైంది, లేదా లేదు.

చోటు సమస్య అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ వరుసగా తెరిచి తుడవండి. ఒక్క జాగ్రత్త: ఆ జాబితాలోనే డౌన్‌లోడ్స్ అనే గడి కూడా ఉంటుంది. అన్నిటికీ టిక్ పెట్టుకుంటూ పోతే మీరు దించుకున్న హాల్‌టికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పెళ్లి ఫొటోలు చెత్తతోపాటే పోతాయి. ఆ గడిని వదిలేయండి.

డ్రైవర్ సమస్య అయితే ముందు తీగలు పీకండి. కీబోర్డు, మౌస్, మానిటర్ తప్ప ప్రింటర్, పెన్‌డ్రైవ్, వేలిముద్రల యంత్రం, డీటీపీ సాఫ్ట్‌వేర్‌కు పెట్టే డాంగిల్, అన్నీ తీసేయాలి. విడిగా కొన్న యాంటీవైరస్‌ను ఆఫ్ చేస్తే చాలదు, పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. తర్వాత కంప్యూటర్ తయారీదారు వెబ్‌సైట్ నుంచి డిస్‌ప్లే, స్టోరేజ్, చిప్‌సెట్ డ్రైవర్ల తాజా రూపాలు వేసుకోవాలి. పాడైన ఫైళ్ల సమస్యకు కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ముందు డిస్మ్ రీస్టోర్‌హెల్త్, తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ ఆదేశాలు నడపాలి. వరుస మార్చకండి. రెండోది మంచి ఫైళ్లు తెచ్చుకునే నిల్వను బాగుచేసేది మొదటిదే. అంకెలతో ఏమీ తేలకపోతే సెటప్‌డయాగ్ అనే మైక్రోసాఫ్ట్ పనిముట్టు అప్‌గ్రేడ్ రాసిపెట్టే పొడవాటి లాగ్ ఫైళ్లు చదివి కారణం వెతికి పెడుతుంది.

మళ్లీ నొక్కే ముందు మూడు పనులు. ఒకటి, ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి ఎక్కించండి. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లను తుడిచేస్తే మైక్రోసాఫ్ట్ దాన్ని కొద్ది రోజుల్లోనే ఆపేసి, నవంబరులో సరిచేసి ఇచ్చింది. రెండు, డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసిపెట్టుకోండి. బయోస్‌లో టీపీఎం మార్చినా బిట్‌లాకర్ ఆ కీ అడగొచ్చు, కీ లేకపోతే మీ డేటా మీకే అందదు. మూడు, కరెంటు పోయినా ఆగకుండా చూసుకోండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచాలి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి. శాతం అంకె కదలడం లేదని పవర్ బటన్ నొక్కకండి. డిస్కు లైటు మినుకుతున్నంతసేపు పని సాగుతున్నట్టే.

ఇన్ని చేసినా అదే దశలో అదే కోడ్ వస్తే మెకానిక్ దగ్గరికి వెళ్లడమే మేలు. ఫార్మాట్ కొట్టేద్దాం అని ఆయన అనే ముందే ఫొటో చూపించి, మీరు చేసినవి వరుసగా చెప్పండి. ఫార్మాట్ ఆఖరి మందు. ఇక అప్‌గ్రేడ్ నిలబడితే, పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే దారి మామూలుగా 10 రోజులు తెరిచే ఉంటుంది. ఆలోగా తీసి పక్కన పెట్టిన ప్రింటరు, డాంగిల్, వేలిముద్రల యంత్రం ఒక్కొక్కటిగా తగిలించి నడిపి చూడండి. అవన్నీ పనిచేస్తున్నాయని తేలేదాకా పాత విండోస్ దాచి ఉన్న ‘విండోస్.ఓల్డ్’ ఫోల్డర్‌ను తుడవకండి.