మాదాపూర్‌లో పురుగులు

హైటెక్‌ సిటీ మెట్రో స్టేషన్‌లో దిగి, మెడలో ట్యాగులు వేసుకున్న గుంపు పక్కన పది అడుగులు వేస్తే చాలు, ‘బగ్‌ వచ్చింది’ అన్న మాట చెవిన పడుతుంది. ‘తప్పు చేశాను’ అని ఎవరూ అనరు. బగ్‌ వస్తుంది, అంతే. జ్వరం వచ్చినట్టు, చుట్టాలు వచ్చినట్టు, కరెంటు బిల్లు వచ్చినట్టు. చేసినవాడి ఊసు లేకుండా పని జరిగిపోయినట్టు చెప్పడానికి మన భాష ఎంత చక్కగా ఒదిగిపోతుందో చూడండి. డచ్‌ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్‌ డైక్‌స్ట్రాకు ఈ ధోరణి అస్సలు గిట్టేది కాదు. బగ్‌ అనడం మానేసి తప్పు అనండని 1988లో రాశాడు. పురుగు తనంతట తాను పాకి వచ్చినట్టు మాట్లాడితే, దాన్ని పెట్టింది మనమేనన్న సంగతి మరుగున పడిపోతుందని ఆయన బాధ. మాదాపూర్‌లో ఆయన మాట చెల్లలేదు.

బగ్‌ అంటే మొదట్లో పురుగు కూడా కాదు, బూచి. ఒకప్పటి ఇంగ్లిష్‌లో భయపెట్టే దయ్యం లాంటిదాన్ని ఆ మాటతో పిలిచేవారు. 1535లో మైల్స్‌ కవర్‌డేల్‌ అచ్చువేసిన బైబిల్లో 91వ కీర్తన దగ్గర, రాత్రివేళ కలిగే భయాన్ని చెప్పడానికి ఈ మాటే పడింది. అందుకే దానికి ‘బగ్‌ బైబిల్‌’ అన్న ముద్దుపేరు మిగిలింది. తర్వాత్తర్వాత బ్రిటన్‌లో బగ్‌ అంటే నల్లి. చవక హాస్టళ్లలో ఉండి ఉద్యోగం వెతుక్కున్నవాళ్లు ఈ అర్థం కోసం నిఘంటువు తిరగేయాల్సిన పనిలేదు. వాళ్లకు పగలు ఒక బగ్గు, రాత్రి ఇంకొకటి.

యంత్రంలో బూచిని చూసింది ఇంగ్లిష్‌ వాళ్లే అనుకోకండి. మన అచ్చాఫీసుల వాళ్లు రాక్షసుణ్నే చూశారు. అచ్చులో దొర్లిన పొరపాటును ‘ముద్రారాక్షసం’ అనేవాళ్లు. అసలు ముద్రారాక్షసం విశాఖదత్తుడి సంస్కృత నాటకం. అందులో రాక్షసుడు నందుల మంత్రి పేరు, ముద్ర ఆయన ఉంగరం. ముద్రకూ ముద్రణకూ ఉన్న చుట్టరికం పట్టుకుని ఆ పేరును మనవాళ్లు ప్రూఫులు దిద్దే బల్ల మీదికి లాక్కొచ్చారు. ఇంకో చిలిపివాడెవరో ‘అచ్చుతప్పు’ అన్న మాటనే తప్పుగా అచ్చేసి ‘అప్పుతచ్చు’ చేశాడు. తన అర్థాన్ని తానే చేసి చూపించే మాట ఇంకే భాషలోనైనా ఉందేమో గానీ, నాకైతే ఇదే ముద్దు.

కంప్యూటర్లో దొరికిన తొలి ‘అసలు’ పురుగు ఒక చిమ్మట. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌ మార్క్‌–2 యంత్రం రిలేలో ఇరుక్కుని చచ్చింది. దాన్ని లాగ్‌బుక్‌లో టేపుతో అతికించారు. ఆ పేజీ ఇప్పటికీ అమెరికాలో స్మిత్‌సోనియన్‌ వారి దగ్గర భద్రంగా ఉంది. బగ్‌ అన్న మాట ఈ చిమ్మటతోనే పుట్టిందని చాలామంది చెబుతారు గానీ, తన యంత్రాల్లో తలెత్తే చిన్నచిన్న లోపాలకు థామస్‌ ఎడిసన్‌ 1878లోనే ఒక ఉత్తరంలో ఆ మాట వాడాడు. ఇంజినీర్ల నోట్లో అప్పటికే నానిన మాట కాబట్టే, నిజం పురుగు దొరికేసరికి వాళ్లకు అంత నవ్వొచ్చింది.

ఇక మన సొంత పురుగు. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం ప్రపంచంలో ఎక్కడెక్కడి ఐఫోన్లనో పడగొట్టింది. ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞానంలో ఉండే జ్ఞా! మెసేజీలో వస్తే యాప్‌ మూసుకుపోయేది, తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. నిజానికి పాపం జ్ఞాది కాదు. మామూలుగా టైపు చేసిన జ్ఞాతో ఏ ఇబ్బందీ లేదు. జ్ఞకూ దాని దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక యూనికోడ్‌ గుర్తు దూరితేనే, అక్షరాలను తెర మీద గీసే ప్రోగ్రాం తికమకపడి కూలిపోయేది. ఆ నెల 19న ఆపిల్‌ సంస్థ ఐఓఎస్‌ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. ఈలోగా తెలుగు అన్న పేరు ఎన్నడూ వినని దేశాల్లో కూడా మన భాష వార్తలకెక్కింది. మంచికో చెడుకో, జ్ఞానం మోయడం కష్టమని ఫోన్లు కూడా ఒప్పుకున్నాయి.

ఆ కనిపించని గుర్తు నాకు కొత్తది కాదు, తెలుగులో టైపు చేసే ఎవరికీ కాదు. ‘సాఫ్ట్వేర్’ అని వత్తు పడిపోకుండా ‘సాఫ్ట్‌వేర్‌’ అని విడిగా నిలబెట్టేది అదే. ఈ వ్యాసంలోనే పదుల సంఖ్యలో దాక్కుని ఉంది. అంటే సాఫ్ట్‌వేర్‌ను కూల్చిన గుర్తు లేకుండా, తెలుగులో ఆ మాటను పొందిగ్గా రాయడమే కుదరదు.

చిన్న లోపం ఊళ్లకు ఊళ్లను మార్చిన ముచ్చట వై2కే. కంప్యూటర్లో చోటు బంగారమంత ప్రియంగా ఉన్న రోజుల్లో సంవత్సరాన్ని రెండంకెలతో సరిపెట్టేవారు. 1975 అంటే 75. తీరా 2000 వస్తే అది 00 అవుతుంది, యంత్రం దాన్ని 1900 అనుకుంటే వడ్డీలూ బీమాలూ తలకిందులు. కోబాల్‌ భాషలో రాసిన పాత ప్రోగ్రాములను వరసపెట్టి తిరగేసి దిద్దడానికి అమెరికాకు మనుషులు కావాల్సొచ్చారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కోచింగ్‌ సెంటర్ల బోర్డులు మొలిచాయి. మాదాపూర్‌లో సైబర్‌ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న, ఆ గండానికి పదమూడు నెలల ముందు. రెండంకెల పొదుపు ఇన్ని ఇళ్ల మీద రెండో అంతస్తు లేపుతుందని ఆ ప్రోగ్రాములు రాసినవాళ్లు కలలో కూడా అనుకుని ఉండరు.

ఇలాంటి చిక్కు మన పంచాంగానికి ఎప్పటినుంచో ఉంది. ప్రభవ, విభవ అంటూ అరవై పేర్లే కాబట్టి అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. ఫలానా పేరు సంవత్సరంలో ఈ మడి దానం చేశాం అని ఊరుకుంటే ఏ చుట్టులోని సంవత్సరమో తేలదు. అందుకే శాసనాల్లో చాలాచోట్ల శక సంవత్సరం అంకె కూడా చెక్కించారు. అన్నట్టు, 2000 జనవరి 1 వచ్చింది ప్రమాది నామ సంవత్సరంలో. ప్రపంచమంతా ప్రమాదం అని గుండెలు బాదుకుంటున్న రోజుకు అంతకన్నా తగిన పేరు దొరకదు.

బగ్‌కు విరుగుడు ప్యాచ్‌. తొలినాళ్లలో చిల్లులు పొడిచిన కాగితపు టేపే ప్రోగ్రాం. తప్పుచోట కాగితం ముక్క అతికించేవారు, అదే ప్యాచ్‌. మన అమ్మమ్మలు చిరిగిన దుప్పటికి వేసిన మాసిక కూడా ఇదే పని. ‘సర్వర్‌కు మాసిక వేశాం’ అని ఎవరైనా మెయిల్‌ పెడితే చదవాలని నాకో చిన్న కోరిక.

తెలుగులో అనుమానం మొదలయ్యే మాట ‘ఏదో తేడా కొడుతోంది’. ప్రోగ్రామర్లు పాత కోడునూ కొత్త కోడునూ పక్కపక్కన పెట్టి చూసేదాన్ని ‘డిఫ్‌’ అంటారు. డిఫ్‌ అంటే అచ్చంగా తేడానే. పెళ్లిచూపుల్లో పెట్టే వంక, చట్టంలో దూరే లొసుగు, కంట్లో పడే నలుసు, బేరంలో బయటపడే తిరకాసు... ఇన్ని ఉండి కూడా కోడులో దొరికినదానికి వీటిలో ఒక్కటీ అంటుకోలేదు. లొసుగు అంటుకుని ఉంటే బాగుండేదని నా పక్షపాతం. అది విన్నవెంటనే వెతకబుద్ధేస్తుంది.

వెతికేవాడు టెస్టర్‌, వెతికించుకునేవాడు డెవలపర్‌. మొదటివాడిది కోడిగుడ్డుకు ఈకలు పీకే పని అని రెండోవాడి అభిప్రాయం. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావని మొదటివాడి ఎదురుదెబ్బ. ‘నా మెషీన్లో బానే పనిచేస్తోంది’ అన్న డెవలపర్‌ జవాబు ప్రపంచమంతా ఒకటే. టెస్టింగ్‌ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో అరిగిపోయిన ప్రశ్న ఒకటుంది: తీవ్రత తక్కువ, తొందర ఎక్కువ ఉన్న బగ్‌కు ఉదాహరణ చెప్పండి. జవాబు: కంపెనీ వెబ్‌సైటు మొదటి పేజీలో ఆ కంపెనీ పేరులోనే అక్షరం తప్పు పడటం. మళ్లీ ముద్రారాక్షసమే!

చూడబోతే మాయమై, వదిలేస్తే మళ్లీ వచ్చే బగ్గును ‘హైజెన్‌బగ్‌’ అంటారు, భౌతిక శాస్త్రవేత్త హైజెన్‌బర్గ్‌ పేరు మీద. డాక్టరు గది గుమ్మం దాటగానే తగ్గిపోయే పంటినొప్పి దీనికి అన్న.

రాబోయే పెద్ద పురుగుకు తేదీ కూడా ఖరారైంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతున్న పాత 32 బిట్ల గడియారాలు 2038 జనవరి 19 ఉదయం మన టైము 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతాయి. మరుసటి సెకనుకు, ఆలోగా మార్చకుండా మిగిలిపోయిన ఏ యంత్రమైనా 1901 డిసెంబరుకు వెళ్లిపోతుంది. 2038లో ఆ రోజు పింగళ నామ సంవత్సరం, మంగళవారం. గచ్చిబౌలి ఫ్లైఓవర్‌ మీద ఆఫీసు ట్రాఫిక్‌ అప్పుడప్పుడే బిగుసుకునే వేళ.