గాలి కబురే.. వేటకు ఆధారం

బరంపురం: తెల్లారకముందే ఇసుకలో నిలబడి గాలి ఎటు వీస్తోందో చూసుకోవడం గోపాల్‌పూర్, ఆర్జిపల్లి తీరంలోని జాలర్లకు తరతరాల అలవాటు. ఒడియావారు నోలియాలని పిలిచే వీరి ఇళ్లలో నేటికీ తెలుగే. రాత్రి నేల చల్లబడ్డాక ఒడ్డు నుంచి కడలి వైపు వీచే గాలికి పడవ బయలుదేరుతుంది. ఎండెక్కాక సముద్రం మీంచి వచ్చే గాలి దాన్ని ఇంటి వైపు నెడుతుంది. ఈ లెక్క పెద్దలు నేర్పిందే.

అయితే దూరాన పుట్టిన వాయుగుండం ఒడ్డున నిలబడితే కనబడదు. దాని కబురు వాతావరణ శాఖే చెప్పాలి. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో, ఒక్కోసారి 65 వరకు ఈదురుగాలులు అన్నారంటే వేటకు వెళ్లొద్దనే. రేవులో 3వ నంబరు ఎగరేశారంటే ఈదురుగాలుల ముప్పు ఆ రేవుకే ఉందని అర్థం. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ గాలితో పాటు కెరటాల ఎత్తు కూడా చెబుతుంది. వేగం నాట్లలో ఉంటే కంగారు పడక్కర్లేదు. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు.

చిక్కల్లా ఒక్కటే. హెచ్చరిక తీరం మొత్తానికి వస్తుంది. తమ ఊరి ముందు సముద్రం నిమ్మళంగా కనిపిస్తుంటే ఇంట్లో కూర్చోవడం కష్టం. మానేస్తే ఆ పూట పొయ్యి వెలగదు, వెళ్తే ప్రాణానికి పూచీ లేదు.

2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ తుపాను గంటకు 200 కిలోమీటర్లు మించిన గాలితో గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ముందే కబురంది లక్షల మంది తరలిపోబట్టే ప్రాణనష్టం తగ్గింది. అనుమానమున్న రోజు పడవ ఒడ్డునే ఉంటే మర్నాటి వేటకు మనిషి మిగులుతాడు.