యాత్రికుని పిలుచు వ్యాకరణము

వ్యాకరణమనగానే మనకు బడియు, బెత్తమును జ్ఞప్తికి వచ్చును. కాని యాత్రాస్థలమును గూర్చిన ప్రకటన చేతికందినపుడు, చిత్రమును మించి అందలి క్రియారూపమే మనలను ప్రయాణమునకు పురికొల్పుచున్నదని గ్రహించువారు అరుదు.

2002లో భారత ప్రభుత్వము చేపట్టిన 'ఇన్‌క్రెడిబుల్ ఇండియా' అను నినాదమున క్రియయే లేదు. ఒక విశేషణము, ఒక నామము మాత్రమే. క్రియ లేనిచో కాలము లేదు. కాలము లేనిచో 'ఎప్పుడు? ఎవరికి?' అను ప్రశ్నకు తావు లేదు. 2003లో లాస్ వేగాస్ నగర ప్రచారమునకు కూర్చిన వాక్యమున క్రియ యున్నది గాని చేసినవాడు లేడు. ఇక్కడ జరిగినది ఇక్కడనే యుండునని దాని భావము. పనులన్నియు తమంతట జరిగిపోవును. ఎవరును బాధ్యులు కారు. జూదమునకు పేరుపడిన నగరమున అతిథి కోరు అభయము అదియే గదా!

ఈ విద్యకు తెలుగున సొంత పరికరములు కలవు. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున తద్ధర్మమని పేర్కొన్న రూపమును చూడుడు. 'అరకులోయలో మంచు కురియును' అన్నచో, అది ఏనాటికిని ఆ లోయ స్వభావమని తోచును. మే నెలలో వెళ్లినవాడు ఎండను చూచి నొచ్చుకొనవచ్చును. వ్రాసినవాడు అబద్ధమాడలేదు, నెల పేరు చెప్పలేదు, అంతే. అట్లే 'మా యూరికి రండి' అన్నపుడు వచ్చువాడు అతిథి. 'మన యూరు చూడండి' అన్నపుడు అతడును ఇంటివాడగును. ఇంగ్లీషున ఈ రెంటికిని ఒకటే మాట.

ఇంతవరకు ముచ్చటయే. కాని ఈ నేర్పు వలన మనుష్యులు కనుమరుగగుటయు కలదు. నాగార్జునకొండను గూర్చి వ్రాయునపుడు 'లోయ జలాశయమున మునిగినది, శిల్పములు తరలింపబడినవి' అనుట పరిపాటి. 'మునుగు' అకర్మకము, దానికి కారకుడు అక్కరలేదు. 'ముంచు' అన్నచో ఎవరు ముంచిరను ప్రశ్న వెంటనే పుట్టును. 'బడు' చేరిన వాక్యము మన నిత్యసంభాషణలో అరుదు, కరపత్రములలో మాత్రము విరివి. కర్తను దాచుటకు అంతకంటె అనువైన చోటు లేదు.

జరిగినదేమి? 1955 డిసెంబరులో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1954 నుండి 1960 వరకు పురావస్తుశాఖవారు లోయను త్రవ్వి, ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి అవశేషములలో ముఖ్యమైన వానిని కొండపైకి చేర్చిరి. నీరు పెరిగి కొండ ద్వీపమైనది. అదే లోయలో పల్లెలును పొలములును ఉండెను. రాళ్లకు కొండమీద చోటు దొరకినది. పల్లెలవారు ఇండ్లు విడిచి వేరుచోట్లకు పోయిరి.

ఆనకట్ట వలన లక్షల యెకరములు పండుచున్నవి. దానిని కాదనుట ఈ వ్రాత యుద్దేశము కాదు. అయినను కరపత్రమున 'ఇచ్చటివారు తమ యిండ్లు విడిచిరి' అని కర్తయు క్రియయు గల ఒక్క చిన్న వాక్యము చేర్చినచో యాత్రికులు తగ్గరు. లాంచీ యెక్కి ద్వీపమునకు పోవువాడు ఆ నీటివంక మరియొక మారు చూచును.