వాచీ నుంచి డాక్టరు దాకా

స్మార్ట్‌వాచీ పట్టిన గుండె వేగం ఆళ్లగడ్డలోని మణికట్టు నుంచి కంపెనీ సర్వరుకు నిమిషాల్లో చేరుతుంది. నలభై కిలోమీటర్ల దూరాన, 2022లో జిల్లా కేంద్రమైన నంద్యాలలో ఉన్న డాక్టరుకు మాత్రం దానంతట అది చేరదు.

వాచీ అడుగున పచ్చలైటు వెలుగుతుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరిగి ఆ వెలుతురును ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆ హెచ్చుతగ్గుల నుంచే వాచీ నాడి లెక్క కడుతుంది. పట్టీ వదులైతే లెక్క తప్పుతుంది. అంకెలు బ్లూటూత్ మీద ఫోన్‌కు, అక్కడి నుంచి కంపెనీ క్లౌడ్‌కు పోతాయి. నల్లమల అంచున సిగ్నల్ లేకుంటే ఫోన్ వాటిని దాచుకుని తర్వాత పంపుతుంది. నడక లెక్కకు ఈ ఆలస్యంతో నష్టం లేదు. షుగర్ కనిపెట్టే పరికరం సంగతి వేరు. 2019 నవంబరు చివర అమెరికాలో ఆ పరికరాలు చేసే డెక్స్‌కామ్ కంపెనీ సర్వర్లు మొరాయించినప్పుడు, పిల్లల దగ్గరి పరికరాలు పనిచేస్తూనే ఉన్నా, దూరంగా ఉన్న తల్లిదండ్రులకు హెచ్చరికలు అందలేదు.

క్లౌడ్ నుంచి ఆసుపత్రికి చేరడమే అసలు చిక్కు. ఒక్కో కంపెనీ తన లెక్కలను ఒక్కో తీరున రాసుకుంటుంది. వాటిని ఒకే రాతలోకి తెచ్చే ప్రమాణం ఎఫ్‌హెచ్‌ఐఆర్. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దాన్నే వాడుతుంది. పౌరుడికి 14 అంకెల ఆభా నంబరు ఇస్తుంది గాని, రికార్డులను ఒకచోట పోగేయదు. ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి. ఎవరికి, దేనికి, ఏ తేదీల రికార్డు, ఎన్నాళ్లు అన్నవి చూసి రోగి ఒప్పుకుంటేనే కదులుతాయి. ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకోవచ్చు కూడా. మందుల చీటీ, ల్యాబ్ రిపోర్టుల సరసన నాడి, బీపీ, నడక లెక్కలకు ‘వెల్‌నెస్ రికార్డు’ అనే రకమూ ఇందులో ఉంది. వాచీ కంపెనీ, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ రెండూ ఈ దారికి రాకపోతే, రోగి ఫోన్ తెర చూపించడమో వాట్సాప్‌లో పంపడమో తప్పదు. ఓపీ వరుస సాగుతుండగా వేల అంకెలు చదివే తీరిక డాక్టరుకు ఉండదు. ఆయన మళ్లీ ఈసీజీ తీయిస్తే తప్పు పట్టలేం.

వాచీ యాప్‌లో షరతులకు ‘ఓకే’ నొక్కడం ఇంత జాగ్రత్తగా జరగదు. 2021లో గెట్‌హెల్త్ అనే సంస్థకు చెందిన 6 కోట్లకు పైగా ఫిట్‌నెస్ రికార్డులు పాస్‌వర్డ్ లేకుండా నెట్‌లో బయటపడ్డాయి. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఇలాంటి నిర్లక్ష్యానికి రూ.250 కోట్ల దాకా జరిమానా రాసి ఉంది. చట్టానికి అందని చిక్కు ఇంట్లోనే ఉంది. ఇంటికంతా ఒకే ఫోన్ ఉన్నచోట ఓటీపీ కొడుకు చేతికి వస్తుంది. తల్లి రికార్డుకు ఒప్పుకోలు నొక్కేదీ అతనే.