చంద్రుని వెంట నడిచే గిరాకీ: పాతబస్తీ బజారులో వినియోగదారుని మనసు

రంజాన్ మాసంలో సాయంత్రం ఐదు గంటలు దాటిన తరువాత చార్మినార్ నుండి పత్తర్‌గట్టి మీదుగా మదీనా కూడలి వరకు నడిచిన వారికి ఒక సంగతి బోధపడుతుంది. ఆ గంట, గంటన్నర సేపు పండ్ల బండ్ల వద్ద బేరాలు దాదాపు ఉండవు. కొనేవాడు కాయను చూపుతాడు, అమ్మేవాడు తూకం వేస్తాడు, సంచి చేతులు మారుతుంది. సైరన్ మోగే సమయానికి ఇల్లు చేరాలన్న తొందర అందరి ముఖాలలోనూ కనిపిస్తుంది. అదే వీధికి రాత్రి పది గంటల తరువాత మరల వెళ్ళి చూడండి. అదే మనిషి లాడ్ బజారులో ఒక డజను గాజులకు పావుగంట బేరమాడుతూ ఉంటాడు. అతని ఆదాయం మారలేదు, అభిరుచి మారలేదు. మారినది గడియారం, దానితోపాటు కడుపు.

సస్య విజ్ఞాన శాస్త్రం బోధించే వానికి బజారులో ఏమి పని అని సహాధ్యాపకులు కొందరు నన్ను అడుగుతుంటారు. విత్తనం నుండి కోత వరకు మన బాధ్యత, కోత తరువాతి సంగతి ఆర్థిక శాస్త్ర విభాగం వారిది అనే విభజన మన విశ్వవిద్యాలయాలలో బాగా వేళ్ళూనుకున్నది. నేనూ చాలాకాలం దానినే నమ్మినవాడను. ఆ నమ్మకం ఎట్లా చెదిరిందో ముందు ముందు చెబుతాను. మొదట పుచ్చకాయ బండిని కొంత పరిశీలిద్దాం.

పాతబస్తీ వారు తర్బూజ్ అని పిలిచే ఈ కాయ ఇఫ్తార్ పళ్ళెంలో ఖర్జూరం తరువాతి స్థానంలో నిలుస్తుంది. పగలంతా నీరు ముట్టని మనిషికి దాని ఎరుపే సగం దాహం తీరుస్తుంది. బండివానికి ఈ రహస్యం తెలుసు. కాయకు త్రికోణాకారపు గంటు పెట్టి ముక్కను పైకి తీసి చూపుతాడు. నీడ కోసం కట్టే గుడ్డ సాధారణంగా ఎర్రనిదే. దాని గుండా జారిన వెలుతురు కోసిన కాయ మీద పడితే లేత గులాబీ రంగు కండ కూడా పండినట్లే అగుపిస్తుంది. ఇది మోసమా అని ఒక విద్యార్థిని నన్ను అడిగింది. బట్టల దుకాణంలో దీపాలు ఎందుకు అంత తెల్లగా వెలుగుతాయో గమనించి రమ్మని ఆమెను పంపాను. ఇంటికి తీసుకువెళ్ళి పగటి వెలుగులో విప్పి చూసినప్పుడు చీర రంగు మారినట్లనిపించిన అనుభవం లేని కుటుంబం ఉండదు.

కాయ పరిమాణం విషయంలో కూడా బజారు మనకు పాఠం చెబుతుంది. ఐఐహెచ్ఆర్ వారి అర్క మాణిక్ వంటి రకాలలో కాయ సుమారు ఆరు కిలోలు తూగుతుంది. కాయ ఎంత పెద్దదైతే అంత ఘనతగా మన ప్రదర్శన క్షేత్రాలలో చూపుతుంటాము. పాతబస్తీ సందులలో స్కూటరు మీద ఇంటికి పోయే మనిషి మాత్రం మూడు కిలోల కాయను వెతుకుతాడు. హ్యాండిల్‌కు తగిలించిన సంచిలో అది ఇమడాలి, ఒక పూటలో అయిపోవాలి, మిగిలితే ఫ్రిజ్‌లో చోటు దొరకాలి. ముదురాకుపచ్చ రంగులో చిన్నగా ఉండే షుగర్ బేబీ తరహా కాయలు, వాటిని పోలిన సంకర రకాలు బజారును ఆక్రమించడానికి తీపి ఎంత కారణమో స్కూటరు కూడా అంత కారణమని నా అభిప్రాయం. మొక్కల సాంద్రత పెంచితే కాయ పరిమాణం తగ్గి కాయల సంఖ్య పెరుగుతుందని మనకు తెలుసు. అనగా సాళ్ళ మధ్య దూరాన్ని నిర్ణయించే వారిలో ఆ స్కూటరు మీది మనిషి కూడా ఒకడు. మన సిఫారసు పత్రాలలో అతని ప్రస్తావన ఎక్కడా ఉండదు.

ఇక కాలం సంగతి. మన రైతు సేద్యం కార్తెల మీద నడుస్తుంది. కార్తెలు సూర్యగమనాన్ని అనుసరించి ఏర్పడినవి గనుక రోహిణి ఏటా మే చివరనే వస్తుంది, మృగశిర జూన్‌లోనే ప్రవేశిస్తుంది. మన పండుగలు చాంద్రమానమే అయినా, అధిక మాసం వచ్చి వాటిని ఋతువుతో మరల కలుపుతుంది. 2023 లో వచ్చిన అధిక శ్రావణం అటువంటిదే. హిజ్రీ పంచాంగంలో అధిక మాసం లేదు. దాని సంవత్సరం 354 లేదా 355 రోజులు. అందువలన రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్ళలో ఋతువులన్నింటినీ చుట్టి వస్తుంది. 2018 లో ఉపవాసాలు మే మధ్యలో మొదలైనాయి. 2024 లో మార్చి 12 న, 2025 లో మార్చి 2 న మొదలైనాయి. నేల మీద పంట సూర్యుని వెంట నడుస్తుంటే, దానిని కొనే ఆకలి చంద్రుని వెంట నడుస్తున్నది. లాల్‌దర్వాజా బోనాలకు నిమ్మ, వేప అమ్మే వారికి ఈ చిక్కు లేదు, ఆషాఢం వర్షాకాలాన్ని దాటి ఎక్కడికీ పోదు. పుచ్చ రైతుకు ఉన్నది.

నా నమ్మకం చెదిరినది ఇక్కడే. రంగారెడ్డి జిల్లాలో ఎకరంన్నర పొలంలో పుచ్చ వేయదలచిన ఒక రైతు 2022 డిసెంబరులో నా వద్దకు వచ్చాడు. కొత్త సంవత్సరం రాగానే విత్తుతానన్నాడు. నేను వారించాను. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే దిగువన ఉన్నప్పుడు పుచ్చ విత్తనం సరిగా మొలవదు, సంక్రాంతి దాటి చలి తగ్గనిమ్మని చెప్పాను. "పండుగకు అందాలె గద సార్" అని ఆయన ఒక మాట అన్నాడు. ఏ పండుగ అని కూడా నేను అడగలేదు. ఉగాది అనుకున్నానో, అసలు వినలేదో ఇప్పుడు చెప్పలేను. నా మాట మీద గౌరవంతో ఆయన జనవరి నాలుగవ వారంలో విత్తాడు. మొలక శాతం చూడముచ్చటగా వచ్చింది. మల్చింగ్ షీటు మీద తీగలు సమంగా పాకాయి. కాయ చక్కగా ఊరింది, తీపి కూడా బాగా పట్టింది.

ఆ ఏడు ఉపవాసాలు మార్చి 24 న మొదలైనాయి. ఈద్ ఏప్రిల్ 22. ఆయన మొదటి కోత దాని మరునాటి నుండి మొదలైంది. ఇరుగు పొరుగు రైతులు పండుగకు వారం ముందే సగం పండిన కాయను కోసి బాటసింగారం మార్కెట్‌కు తోలి అమ్ముకున్నారు. పుచ్చ కోసిన తరువాత తీపి పెరిగే కాయ కాదు. ఆ కాయలు తిన్నవారు నిరాశపడి ఉంటారు, అయినా కొన్నారు. ఈయన కాయ తీయనిది, కొనేవారు లేరు. దానికి తోడు ఏప్రిల్ చివరి వారంలో తెలంగాణ అంతటా అకాల వర్షాలు కురిశాయి. మబ్బు పట్టి గాలి చల్లబడిన రోజున పుచ్చకాయ బండి వద్ద ఆగేది ఎవరు? మిర్చి బజ్జీల బండి చుట్టూ గుంపు చేరుతుంది గాని. కోత కూలి, బండి కిరాయి పోగా మిగిలినది విత్తనాలకు పెట్టిన ఖర్చుకు సరిపోలేదు.

నన్ను కలిసినప్పుడు ఆయన నిందించలేదు. "పంట మంచిగనే వచ్చింది సార్, పండుగే ఆగలే" అన్నాడు. సస్య విజ్ఞానం ప్రకారం నా సలహాలో దోషం లేదు. ఆ మాటను నేను అప్పుడు ఒకరిద్దరితో అన్నాను కూడా. ఇప్పుడు అనను.

వాతావరణం మనిషి తీర్పును ఎట్లా మార్చుతుందో చూపిన ఒక ప్రసిద్ధ పరిశోధన 1983 లో వెలువడింది. మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు నార్బర్ట్ ష్వార్జ్, జెరాల్డ్ క్లోర్ అమెరికాలో కొందరికి ఫోను చేసి, మీ జీవితం పట్ల మీకు ఎంత సంతృప్తి ఉన్నదని అడిగారు. ఎండ కాసిన రోజున అడిగితే ఎక్కువ సంతృప్తి, వాన పడిన రోజున అడిగితే తక్కువ సంతృప్తి ప్రకటించారు. అయితే, మీ ఊరిలో ఈ రోజు వాతావరణం ఎట్లా ఉన్నదని ముందుగా అడిగినప్పుడు ఆ తేడా కనుమరుగైంది. తమ మనసుకు కారణం ఆకాశమని స్ఫురించగానే దానిని లెక్కలోనుండి తీసివేసి జవాబు చెప్పారన్నమాట. తరువాత వచ్చిన కొన్ని పెద్ద అధ్యయనాలలో వాతావరణ ప్రభావం అంత బలంగా కనిపించలేదు గనుక దీనిని వేదవాక్యంగా తీసుకోనక్కరలేదు. అయినా విస్తరణ విద్యార్థులకు ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. ఉదయం పదకొండు గంటలకు, రైతు మందు కొట్టి అలసి గట్టు మీద కూర్చున్న వేళ, నాలుగు పుటల ప్రశ్నావళి నింపించుకు వస్తాము. "కొత్త రకం పట్ల రైతు వైఖరి" అని దానికి శీర్షిక పెడతాము. మనం కొలిచినది వైఖరినా, ఎండనా? కనీసం ఏ గంటకు, ఎటువంటి వాతావరణంలో అడిగామో పత్రం మీద రాసే అలవాటైనా చేసుకోవాలి.

మనసు క్షణాలలో మారుతుంది. అలవాటు తరాలలో మారుతుంది, మారినప్పుడు దాని వెంట పంటలే మారిపోతాయి. తెలంగాణ పల్లెలలో నిన్నటి తరం వరకు రాత్రి భోజనం అంటే జొన్న రొట్టె లేదా గటక. దేశంలో తొలి జొన్న సంకర రకం సీఎస్‌హెచ్-1 ను 1964 లో విడుదల చేశారు. అది పొట్టిది, త్వరగా కోతకు వచ్చేది, దిగుబడిలో నాటు జొన్నలను దాటినది. అయితే నాటు జొన్న వానలు వెనుకబట్టిన తరువాత గింజ కడితే, త్వరగా పండే సంకర రకాల గింజ వానలలోనే ముదిరేది. బూజు పట్టి నల్లబడేది. రొట్టె చేసే ఇల్లాలు గింజను అరచేతిలో పోసుకొని ఒక్క చూపు చూసి పక్కన పెట్టేది. ఆమె చూపు ముందు మన దిగుబడి పట్టికలు నిలువలేదు. వానాకాలపు జొన్న చాలావరకు కోళ్ళ దాణాకు, సారాయి తయారీకి మళ్ళింది. రొట్టెకు యాసంగి మాల్దండి తెల్ల జొన్ననే వెతికారు. ఈలోగా బోరుబావులు, 1983 లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పళ్ళెం రంగునే మార్చివేశాయి. తెల్లని అన్నం కలవారి భోజనమన్న భావం అప్పటికే మనసులో ఉన్నది. ధర తగ్గగానే అది అలవాటైంది.

ఆ కథ ఇప్పుడు ఒక విచిత్రమైన మలుపు తిరిగింది. సాయంత్రమైతే హైదరాబాదు వీధులలో గ్యాస్ పొయ్యి పెట్టుకొని జొన్న రొట్టెలు చేసి అమ్మే స్త్రీలు కనిపిస్తారు. కొనేవారిలో మధుమేహం ఉన్నవారు చాలామంది. ఒకనాడు లేమికి గుర్తుగా విడిచిన రొట్టె నేడు వైద్యుని సలహాగా తిరిగి వచ్చింది. 2023 ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించినప్పుడు మేమందరం ఉపన్యాసాలు ఇచ్చాము. ఆ రొట్టెల పొయ్యి నుండి వచ్చే కాలిన జొన్న వాసన మా ఉపన్యాసాల కంటే ఎక్కువ మందిని ఆపింది.

వరి పరిశోధకులు ఈ సత్యాన్ని మనకంటే ముందు గ్రహించారని చెప్పాలి. 1986 లో బాపట్ల నుండి విడుదలైన సాంబ మసూరి సన్న గింజకు జనం అలవాటు పడ్డారు, దానికేమో ఆకు ఎండు తెగులు. తెగులును తట్టుకొనే మూడు జన్యువులను అందులో చేర్చి 2008 లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేసినప్పుడు, హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలనాలయం, సీసీఎంబీ శాస్త్రవేత్తలు గింజ రూపం, అన్నం గుణం చెక్కుచెదరకుండా జాగ్రత్తపడ్డారు. మన విశ్వవిద్యాలయం 2015 లో విడుదల చేసిన తెలంగాణ సోనా, అనగా ఆర్ఎన్ఆర్ 15048, రైతుకు 125 రోజుల పంట, మధుమేహులకు తక్కువ గ్లైసీమిక్ సూచిక గల బియ్యం. కాని అది బజారులో మొదట నిలిచినది సన్న గింజగానే. గ్లైసీమిక్ సూచిక కంటికి కనిపించదు, గింజ సన్నదనం కనిపిస్తుంది.

అలవాటును ఉపన్యాసం మార్చగలదా అన్న ప్రశ్నకు ఎనభై ఏళ్ళ క్రితమే ఒక సమాధానం దొరికింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మంచి మాంసం సైన్యానికి పోతుండగా, గుండె, మూత్రపిండాలు వంటి భాగాలను ఇంట వండించాలని అమెరికా ప్రభుత్వం తలచింది. పాతబస్తీలో తెల్లవారుజామున నహారీలో నాలుక, పాయా అడిగి వేయించుకొనే వారికి ఇది నవ్వు తెప్పించే సమస్యే. అయోవాలో పనిచేస్తున్న కర్ట్ లెవిన్ గృహిణులను బృందాలుగా చేశాడు. కొన్ని బృందాలకు పోషక విలువల మీద చక్కని ఉపన్యాసం ఇప్పించాడు. కొన్నింటిలో గృహిణులే తమలో తాము చర్చించుకొని, చివరకు చేయెత్తి నిర్ణయం తీసుకున్నారు. తరువాత విచారిస్తే ఉపన్యాసం విన్నవారిలో 3 శాతం, చర్చించి నిర్ణయించుకున్న వారిలో 32 శాతం ఆ మాంసం వండారు. విస్తరణ పాఠ్యపుస్తకాలలో ఈ అంకెలు చదివి, పరీక్షలో రాసి, ఉద్యోగంలో చేరిన మరునాడే మైకు పట్టుకుంటాము. నేనూ పట్టుకున్నాను.

పుచ్చ విషయంలో ఇప్పుడు నేను చేస్తున్నది చిన్న మార్పు. విత్తే తేదీ చెప్పే ముందు రైతులను కూర్చోబెట్టి, ఈ కాయ ఎవరు తింటారు, ఏ రోజున తింటారు అని వారినే అడుగుతున్నాను. అక్కడి నుండి 90 రోజులు వెనుకకు లెక్కపెడితే తేదీ దానంతట అదే తేలుతుంది. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. 2027 లో ఉపవాసాలు ఫిబ్రవరి రెండవ వారంలో మొదలవుతాయి, అంటే విత్తవలసినది నవంబరులో. 2030 లో అవి జనవరి మొదటి వారంలో ఒకసారి, డిసెంబరు చివరి వారంలో మరొకసారి వస్తాయి. ఆ పంటలకు కాయ ఊరే దశలోనే చలి ఎదురవుతుంది, ఉదయపు పొగమంచులో తేనెటీగ సరిగా తిరగదు, పిందె నిలవదు. మల్చింగ్, తక్కువ ఎత్తు సొరంగాలు, నారు పెంచి నాటడం, చలిని తట్టుకొనే రకాలు, వీటిలో ఏది మన ఎర్ర నేలల్లో గిట్టుబాటవుతుందో పరీక్షించడానికి మనకు మిగిలినవి కొద్ది శీతాకాలాలే. ఆ సందేహంతో నేను ఉన్నప్పుడు అదే రైతు మొన్న ఫోను చేశాడు. ఈసారి అర ఎకరంలో నారు పోసి వేస్తాడట, మిగిలిన ఎకరంలో సంక్రాంతి తరువాత విత్తుతాడట. చార్మినార్ వద్ద కొన్న ఉర్దూ క్యాలెండరును ఇంటి గోడకు పంచాంగం పక్కనే తగిలించుకున్నానని చెప్పాడు. చదవడం రాదు గదా అంటే, అంకెలు చాలునన్నాడు.