రోడ్డు వచ్చింది, చెరువు నిండాలి

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించింది ప్రకాశం మెట్టలోనే. షార్ట్ అనే వైద్యుడి బృందం 1937లో ఆ సంగతి ప్రకటించింది. అప్పటికి ఈ మెట్టలోని కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. వైద్యుల కంటే ముందే రైతులు పసిగట్టారు: కీళ్లు బిగుసుకుపోయి, వయసులో ఉన్న ఎద్దులు కూడా అరక లాగలేకపోయేవి. మనుషులకూ నడుములు వంగాయి, పళ్లు గారపట్టాయి. తాగే నీళ్లలోని ఫ్లోరైడే కారణం.

ఈ మెట్టకు ఎగువన కృష్ణ మీద నాగార్జునసాగర్ లేచింది. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ పొడవునా జొన్న చేలు వరి మడులయ్యాయి; పల్నాడులో పత్తి, మిరప విస్తరించి గుంటూరు మిర్చియార్డు ఆసియాలోకెల్లా పెద్దదిగా పేరు పొందింది. దర్శి, అద్దంకి వైపు ఆఖరి ఆయకట్టు రైతులు ఏటా నీటి కోసం ఎదురుచూసినా, కాలువంటూ ఒకటి ఉంది. కనిగిరికి అదీ లేదు. తర్వాతెప్పుడో రామతీర్థం జలాశయం నుంచి పైపుల్లో తాగునీళ్లు వచ్చాయి. పొలానికి మాత్రం వానే దిక్కు.

కనిగిరికి సాగునీటి కంటే ముందుగా అందింది రోడ్డు. నకిరేకల్‌లో మొదలై సాగర్, మాచర్ల, ఎర్రగొండపాలెం, మార్కాపురం, కనిగిరి, వెంకటగిరి మీదుగా తిరుపతి దగ్గరి ఏర్పేడు చేరే 565వ జాతీయ రహదారి ఇది. సాగర్ దగ్గర కృష్ణ దాటి వచ్చే ఈ దారి మీద కంది, మిరప సరుకు అంగడికి చేరడం తేలికైంది. మనుషులు వెళ్లిపోవడమూ తేలికైంది. ఇక్కడి బేల్దారి మేస్త్రీలు, కూలీలు పనులు వెతుక్కుంటూ హైదరాబాద్, బెంగళూరు పోవడం పాత అలవాటే. మంచి రోడ్డు ఉన్నంత మాత్రాన ఆ వలస ఆగదు. సేద్యానికి నీళ్లు వస్తేనే ఆగుతుంది.

అందుకే జనం చూపంతా వెలిగొండ ప్రాజెక్టు మీద ఉంది. దీని కోసం పోరాడిన కమ్యూనిస్టు నేత పూల సుబ్బయ్య పేరే ప్రాజెక్టుకు పెట్టారు. 1996లో గొట్టిపడియ దగ్గర శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి కొండను తొలుస్తూ ఒక్కోటి దాదాపు 19 కిలోమీటర్ల జంట సొరంగాలు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లకు ఆనకట్టలు కట్టి, కొండల నడుమ నల్లమలసాగర్ జలాశయం. ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. రెండో సొరంగం తవ్వకం పూర్తయ్యేసరికి 2024 వచ్చింది. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలకు అప్పటికే ఇరవై ఎనిమిదేళ్లు.

సొరంగంలోంచి నీళ్లు పారడానికి ముందే తీర్చవలసిన బాకీ ఒకటుంది. సుంకేసుల, గొట్టిపడియ, కలనూతల, గుండంచర్ల వంటి పదకొండు ఊళ్లు ముంపులో పోతాయి. కనిగిరి పొలం తడవాలంటే ఇల్లూ పొలమూ వదులుకోవలసింది వాళ్లు. వాళ్లకు రావలసిన పరిహారం, పునరావాసం ముందు అందాలి.